పడిన రాయి, దొరికిన రాయి

మా పొలంలో ఆకాశం నుంచి బంగారు ముద్ద పడిందని, దాన్ని ఆ పొలం చేసే సాలోమోను ఎవరికీ తెలియకుండా చర్చి గంట కింద పాతిపెట్టాడని, ఆ దిగులుతో మా బాపు మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదని పాల సెంటరు కాడ గోపమ్మ అన్నదట. ఆ మాట విన్నది మా అవ్వ, అంటే మా అమ్మ, కాదు, పక్కింటి రుక్మిణమ్మ. ఏ మాటనైనా తన చేతి ఉప్పు వేయకుండా వడ్డించే అలవాటు రుక్మిణమ్మకు లేదు కాబట్టి, గోపమ్మ అసలు ఏమన్నదో దేవుడికే తెలియాలి. మా అవ్వ అంతా విని, పాల చెంబు కింద పెట్టి, ఇంట్లోకి తొంగి చూసింది. బాపు పీట మీద కూర్చుని మూడో జొన్నరొట్టె తుంచుతున్నాడు.

“అన్నం ముడుతలేవట గదా,” అన్నది అవ్వ. “ఇంకో రొట్టె ఎయ్యాల్నా?”

“ఎయ్యి,” అన్నాడు బాపు.

పడిన మాట నిజం. కానీ అది బంగారం కాదు, రాయి. పాతిపెట్టిందీ లేదు. మా ఇంట్లోనే, విత్తనాల గంపలో, పాత ధోవతి గుడ్డ చుట్టుకుని కూర్చుంది.

అది రెండు వేల ఆరు ఎండాకాలం. నేను చేవెళ్ల కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికాడ ఉన్నాను. మా ఊరు ప్రొద్దుటూరు. ఆ పేరు చెప్పగానే అందరూ కడప జిల్లా వైపు చూస్తారు. మాది శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు. వాళ్లకు బంగారం దుకాణాలు ఉంటాయట, మాకు టమాటా ఉండేది. ఆ ఏడు మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బస్సు కిటికీలోంచి చూస్తే ద్రాక్షతోటల రాతి కూసాలు పీకేసి, వాటి స్థానంలో తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్లు పాతుతుండేవారు. మోకిల వైపు కొత్త ఇళ్ల బొమ్మలతో పెద్ద పెద్ద బోర్డులు లేచాయి. మా అన్న నాగేందర్ హైటెక్ సిటీలో కాల్ సెంటర్ పిల్లల్ని తిప్పే క్వాలిస్ నడిపేవాడు. పట్నంలో ఎవరు ఏ వెంచర్ వేస్తున్నారో వాడికి స్టీరింగ్ ముందు కూర్చునే తెలిసిపోయేది. మా పొలాన్ని వాడు అప్పటికే “రోడ్డు బిట్టు” అనడం మొదలుపెట్టాడు. టమాటా పంట ఎత్తంగనే రిజిస్ట్రేషన్ అని మాట అయిపోయింది.

ఆ పొలం రెండెకరాల పది గుంటలు. పట్టా మా బాపు సంగయ్యది, చెమట సాలోమోనుది. ఇరవై రెండేళ్లుగా ఆయన పాలుకు చేస్తున్నాడు. పాలు అంటే వచ్చింది ఏదైనా చెరిసగం. పంచే పద్ధతి ఒకటుండేది. గట్టు మీద బాపు రెండు కుప్పలు పోసి, “కోరుకో సాలోమోనూ” అనేవాడు. సాలోమోను ఒక కుప్ప మీద తువ్వాల వేసేవాడు. పోసేవాడు కోరుకోవద్దు, కోరుకునేవాడు పోయవద్దు. అంతే చట్టం. అందుకే ఇన్నేళ్లలో గట్టు మీద ఒక్క లొల్లి లేదు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒకసారి సొరకాయలు పంచితే ఒకటి బేసి మిగిలింది. బాపు కత్తి తెప్పించి దాన్ని నిలువునా కోశాడు. కోసి, రెండు చెక్కల్లో గింజలు సరిగ్గా ఉన్నాయా లేదా అని వంగి చూశాడు. సాలోమోను భార్య సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మనుషులను పుట్టించినప్పుడు దేవుడన్నా గింత సక్కగ పంచలేదన్నా,” అన్నది.

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బాపు మెచ్చుకోలు అనుకుని మీసం తుడుచుకున్నాడు.

రాయి పడ్డది మే పదకొండు, గురువారం. సాయంత్రం నాలుగు కావస్తుండగా మూడు మోతలు వినిపించాయి. ఊరంతా విన్నది, ఊరంతా ఒకటే అనుకున్నది: గుట్ట కాడ క్వారీ పేలుళ్లని. నేను ఇంటి ముందు కొత్తిమీర కట్టలు కడుతూ తల కూడా ఎత్తలేదు. పొలంలో టమాటాకు నీళ్లు కడుతున్న సాలోమోను ఒక్కడే ఎత్తాడు. క్వారీ మోత నేలలోంచి వచ్చి కాళ్లకు తగులుతుందట. ఇది నెత్తి మీది నుంచి వచ్చింది. ఆ తేడా పొద్దంతా చెప్పుల్లేకుండా నిలబడే మనిషికే తెలుస్తుంది.

“పెద్ద తుమ్మెద వచ్చినట్టు బర్రుమన్నది బిడ్డా,” అని నాకు చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అదే వరసలో చెప్పేవాడు, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. “దున్నిపెట్టిన దిక్కు దుమ్ము ఇంతెత్తు లేసింది. గద్ద కోడిని కొట్టిందేమొ అనుకున్న. పోయి జూస్తే మూరెడు లోతు బొంద. కాలుతదేమొనని భయం భయంగనే చెయ్యి పెట్టిన. సల్లగున్నది. కడవ కింది ఇసుక ఉంటది జూడు, గట్ల.”

ఆ సాయంత్రం చీకటి పడకముందే తువ్వాలలో చుట్టి మా ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాడు. కొబ్బరికాయంత ఉంది. ఎత్తితే మూడు కాయల బరువు. టమాటా కాంటాలో వేస్తే మూడు కిలోల మీద ముల్లు ఆడింది. పైనంతా నల్లని పొట్టు, మాడిన రొట్టె మీది పొట్టంత పలుచగా. ఎవరో మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కినట్టు అక్కడక్కడా గుంటలు.

“ఇంటికి తీస్కపోకపోయినవా?” అన్నాడు బాపు, మాట వరసకు.

“పొలంల పడ్డది గదన్నా. నీకు జెప్పకుంట ఎట్ల?”

మా అవ్వ అప్పటికే పసుపు గిన్నె, కొబ్బరినూనె, చెంబుడు నీళ్లు తెచ్చింది. పైనుంచి వచ్చింది ఏదైనా దేవుడి దిక్కు నుంచే కదా అని ఆమె లెక్క. సరోజమ్మ అరుగు అంచున కూర్చుని చూస్తున్నది.

“మా పాస్టరయ్యగారు ప్రార్థన జేస్తనంటున్నడు వదినా. నువ్వేమొ పసుపు పూస్తనంటున్నవు. పాపం, కింద పడ్డకాంచి దీనికి నిమ్మలం లేదు.”

“జర ఆగుండ్రి,” అన్నాను నేను, మధ్యలో దూరి. “మా సారుకు చూపిచ్చేదాంక ఎవరూ ముట్టద్దు.”

ఆ ఇంట్లో నా మాట చెల్లిన మొదటి రోజు అదే అనుకుంటాను.

ఆంజనేయులు సారు మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఉండేది మొయినాబాద్‌లో, కిరాయి ఇంట్లో. జేబులో ఎప్పుడూ దారానికి కట్టిన అయస్కాంతం ఒకటి ఉండేది. ముప్పై ఏళ్లుగా పిల్లలు ఆయనకు ఆకాశపు రాళ్లని చెప్పి ఏవేవో తెచ్చి ఇచ్చేవాళ్లు. మా వైపు ఎర్రనేలల్లో ఇనుము పట్టిన గుండ్రాళ్లు మస్తు, పాతకాలం కొలుముల్లో ఇనుము కరిగించాక మిగిలిన చిట్టెం కూడా మస్తు. అన్నీ నల్లగా, బరువుగా, నమ్మించేలా ఉంటాయి. సారు ఒక్కదాన్నీ పారేయలేదు. ఇంట్లో గోడ పొడుగునా చెక్కల మీద వరసగా పెట్టి, ఒక్కో దాని కింద చీటీ రాసేవాడు. నాదీ ఒకటి ఉండేది: “ఉమారాణి, ప్రొద్దుటూరు. కొలిమి చిట్టెం.” తప్పు రాయికి కూడా తెచ్చిన పిల్ల పేరు రాసే మనిషి ఆయన.

ఆదివారం స్కూటర్ మీద వచ్చాడు. అరుగు మీద కూర్చుని, గుడ్డ విప్పి, దారం పట్టుకుని అయస్కాంతాన్ని దగ్గరికి దించాడు. అది నిలువుగా వేలాడలేదు. రాయి వైపు వంగి, టక్కున అంటుకుంది. సారు దాన్ని పీకి, ఇంకో వైపు పెట్టాడు. మళ్లీ అంటుకుంది. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏమంటాడా అని మేమంతా ఆయన నోరే చూస్తున్నాం.

“నీళ్లు తగిలినయా?” అన్నాడు మొదట.

“లేదు సార్.”

“పసుపు? నూనె?”

“ఈ పిల్ల పూయనియ్యలే,” అన్నది అవ్వ, తప్పు నాదన్నట్టు.

“మంచిపని జేసింది. ఇది భూమి పుట్టకముందు పుట్టిన రాయమ్మా. అంతకాలం గాలి తెల్వదు, వాన తెల్వదు. గాలిల దిగేటప్పుడు కొన్ని సెకండ్లు పైన మాడింది, గంతే. లోపటికి ఆ వేడి పోనే పోలే.”

“జొన్నరొట్టె లెక్క,” అన్నది అవ్వ. “మంట ఎక్కువైతే పైన మాడుతది, లోపల పచ్చిగనే ఉంటది.”

సారు సంతోషంగా తలూపాడు. క్లాసులో నా జవాబులకు ఎప్పుడూ అట్లా ఊపలేదు. ఇట్లాంటివి ఏటా ఎన్నో పడతాయని, ఎక్కువ సముద్రం పాలేనని చెప్పాడు. నేల మీద పడ్డవి కూడా మా వంటి చోట నాలుగు వానలకు తుప్పు పట్టి, పొరలు ఊడి, చివరికి ఎర్రమట్టిలో మట్టి అయిపోతాయట. మంచు దేశాల్లో, ఎడారుల్లో పడ్డవే ఎక్కువ కాలం బతుకుతాయట.

“మరి మన పొలంల ఇంతకుముందు పడ్డయి?” అన్నాడు సాలోమోను.

“దున్నుకుంట ఉన్నవు గదా. నీ టమాటాల పోయినయి.”

తర్వాత సారు చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో దూది మీద నల్లని గాజు బిళ్ల ఒకటి. ఎవరో దూరదేశపు మనిషి పోస్టులో పంపాడట, దానికి బదులు సారు ఇంకేదో రాయి పంపాడట. ఎండకు పట్టుకుంటే అంచు తేనెరంగుగా మెరిసింది.

“ఇది పైనుంచి వచ్చింది కాదు,” అన్నాడు. “పెద్ద రాయొకటి వచ్చి గుద్దితే ఇక్కడి నేలనే కరిగి పైకి ఎగిరింది. గాలిలనే గడ్డకట్టి మళ్ల కింద పడ్డది.”

“అంటే గుద్దినోడు ఒకడు, ఎగిరిపడ్డోడు ఇంకొకడు,” అన్నది సరోజమ్మ.

“గుద్దింది ఆవిరైపోయిందమ్మా. ఎగిరిపడ్డదే మిగిలింది.”

ఆ తర్వాతే కాయితం సంగతి వచ్చింది. ఇట్లాంటి రాళ్లను చూసే సర్కారు ఆఫీసు పట్నంలో ఉందని, దానికి రాసి పంపాలని, రాయికి మన ఊరి పేరే పెడతారని సారు చెప్పాడు. కానీ రాళ్లలో రెండు రకాలట. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియకుండా తర్వాత కనిపించేది “దొరికిన రాయి”. పడుతుంటే మనిషి కళ్లతో చూసింది “పడిన రాయి”. రెండోదానికి ఉన్న విలువ మొదటిదానికి లేదు. అందుకని చూసిన మనిషి పేరు, ఆ వేళకు అక్కడ ఏం చేస్తున్నాడు, ఏం చూశాడు, అన్నీ రాయాలి. సారు చెబుతుంటే నేను నా గుండ్రటి అక్షరాల్లో రాశాను. సాలోమోను గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. ఆయన పేరు వచ్చిన చోట నా పెన్ను ఎక్కడుందా అని వంగి చూశాడు. చదువు రాదు, చోటు మాత్రం గుర్తు పెట్టుకున్నాడు. వెళ్లేముందు ఆ చోటు మీద వేలు పెట్టి, “ఇదేనా బిడ్డా?” అని ఇంకోసారి అడిగాడు.

“గదే మామా.”

“మంచిగున్నది,” అన్నాడు.

ఆయన అట్లా నవ్వడం నేను అంతకుముందు రెండుసార్లో మూడుసార్లో చూశాను.

సారు సంతకాలు తీసుకోవడానికి గురువారం మళ్లీ వస్తానని పోయాడు. మంగళవారం నాగేందర్‌కు సెలవు. మధ్యాహ్నం అన్నాల కాడ నేను గొప్పగా ఆ కాయితం తెచ్చి చదివాను. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. ఎవరూ చదవమనలేదు.

“మళ్ల సదువు,” అన్నాడు నాగేందర్, ముద్ద చేతిలో ఆపి.

“‘గత ఇరవై రెండు సంవత్సరాలుగా సంగయ్య గారి పొలమును సాగు చేయుచున్న సాలోమోను, పదకొండవ తేదీన టమాటా తోటకు నీరు పెట్టుచుండగా...’”

“గదే. గది కొట్టెయ్.”

“ఎందుకు? నిజమే గదా?”

“నిజమని ఎవలు గాదన్నరే? ఉమా, నీకు పహాణి సదువొస్తది. అండ్ల ఎన్ని గడులు ఉన్నయి?”

నాకు తెలుసు. ఆ భూమి లెక్కల కాయితాన్ని బాపుకు ప్రతి ఏడూ చదివి వినిపించేది నేనే. పహాణిలో ఒక గడి పట్టా ఎవరిదో చెబుతుంది, ఇంకో గడి సాగులో ఉన్నది ఎవరో చెబుతుంది. మా పహాణిలో రెండు గడుల్లోనూ బాపు పేరే ఉండేది. నా చిన్నప్పటి నుంచీ అంతే. సాలోమోను పేరు ఎక్కడా లేదు. అది నేను ఎన్నోసార్లు చదివాను, ఒక్కసారీ ఆగలేదు.

“వెంచరోళ్ల వకీలు మొన్ననే అడిగిండు, కౌలుదారు ఎవలన్న ఉన్నరా అని,” అన్నాడు నాగేందర్. “లేరని జెప్పిన. రేపు గీ కాయితం సర్కారు ఆఫీసుల ఉంటది, పేపర్ల ఏస్తరు, ఫోటో దిగుతరు. ఇరవై రెండేండ్లు సాగు అని నీ బిడ్డే సక్కని దస్తూరితోని రాసిచ్చింది. ఇగ ఆ భూమిని ఎవలు ముడుతరు బాపూ?”

బాపు చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కున్న చెయ్యినే మళ్లీ కడుక్కున్నాడు.

“సాలోమోను ఎన్నడన్న నాది అన్నడా?” అన్నది అవ్వ.

“ఆయన అనడు. అనిపించేటోళ్లు ఉంటరు.”

బాపు విత్తనాల గంప దగ్గరికి పోయి, గుడ్డ విప్పి రాయి వైపు చూశాడు.

“రాయి మీద లొల్లి ఎందుకు? పొలంల పడ్డది, పాలుదే,” అన్నాడు. “చెరిసగం జేస్త. ఎవని తునక వానిది. ఇగ ఆఫీసు లేదు, కాయితం లేదు.”

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో మోసం లేదు. అదే నాకు ఇప్పటికీ తెగని సంగతి. సొరకాయ కోసిన రోజున ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. మనిషికి న్యాయం చేసే పద్ధతి ఆయనకు తెలిసింది ఒకటే. దాన్ని తీసుకుని బయలుదేరాడు.

గురువారం పొద్దున పొలం గట్టు మీద రాళ్లు కొట్టే మల్లప్పను పిలిపించాడు. సగం టమాటా అప్పటికే ఎత్తేశారు, పుచ్చినవి చాళ్లలో పడి ఎండుతున్నాయి. మల్లప్ప రాయిని చేతిలోకి తీసుకుని, సుత్తె కొసతో అక్కడా ఇక్కడా తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ప్రతి రాయికి ఒక తోవ ఉంటది పటేలా. తోవ దొరికితే చిన్న దెబ్బకే ఇచ్చుకుంటది. దీనికి ఏ దిక్కు తోవ లేదు,” అన్నాడు. “ఇది మన దిక్కు రాయి గాదు. ఎట్ల పలుగుతదో నేను జెప్పలేను.”

“నడుమకు చూసి కొట్టు.”

“సంగయ్యన్నా,” అన్నాడు సాలోమోను. “కాయితంల ఏమన్న తప్పు రాసిండ్రా?”

“తప్పేం లేదు.”

“మరి?”

“తప్పు లేకపోవుడే తిప్పలయింది సాలోమోనూ.”

సాలోమోను కొంచెం దూరంగా ఆగి ఉన్న నాగేందర్ క్వాలిస్ వైపు ఒకసారి చూసి, తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. నేను కొత్తిమీర మళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. బీఎస్సీ చదివిన పిల్లను, విరగ్గొట్టద్దని అనవచ్చు. వారం కింద అదే పిల్ల పసుపు గిన్నెను ఆపింది.

మల్లప్ప ఉలి ఆనించి సమ్మెటతో కొట్టాడు. రెండు దెబ్బలకు ఏమీ కాలేదు. మూడో దెబ్బకు పలిగింది. లోపల నలుపు లేదు. కడిగిన సిమెంటు రంగు, అందులో రవ్వలు రవ్వలుగా ఇనుము, కొత్త తీగ తెంచితే మెరిసినట్టు ఎండకు మెరిసింది. సారు చెప్పినంత కాలం చీకట్లో ఉన్నది మొదటిసారి వెలుతురు చూసింది మా గట్టు మీద, పుచ్చు టమాటాల పక్కన. అందరం కాసేపు అదే చూశాం. మల్లప్ప సుత్తె కింద పెట్టి చేతులు జోడించాడు, ఎవరికో తెలియదు.

నడుమకు పలగలేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బాపు రెండింటినీ గట్టు మీద పక్కపక్కన పెట్టాడు.

“కోరుకో సాలోమోనూ.”

సాలోమోను కదలలేదు.

“ఈసారి నువ్వు కోరుకో అన్నా,” అన్నాడు.

“ఎన్నడన్న కోరుకున్ననా నేను?”

“ఈసారి కోరుకో.”

గొంతులో కోపం లేదు. తువ్వాల భుజం మీదే ఉంది. బాపు నా వైపు చూశాడు, నాగేందర్ వైపు చూశాడు. ఆఖరికి వంగి చిన్న తునక తీసుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాడని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనిపించదు. చిన్న తునక తీసుకోవడం సులువైన పని.

ఆ పొలం ఇప్పుడు పదకొండు ఇళ్లు. గేటు కాడ బోరు ఉన్న చోట పిల్లలు ఆడుకునే జారుడుబల్ల ఉంది. బాపు తునకను సారు ఆఫీసుకు చేర్చాడు. వాళ్లు దాన్ని పలుచగా కోసి చూసి, మంచి రాయేనని జవాబు రాశారు. ఊరి పేరు పెట్టారు, అదీ జిల్లా రాసి, కడప కాదని తెలిసేట్టు. పక్కన “దొరికిన రాయి” అని ఉంటుంది. చూసిన మనిషి పేరు ఉండాల్సిన చోట చిన్న గీత. సాలోమోను తన తునకతో ఆ వానాకాలానికి దొంతన్‌పల్లిలో సరోజమ్మ తమ్ముడి దగ్గరికి పోయాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కలిసినా నన్ను “బిడ్డా” అనే పిలిచేవాడు, రాయి మాట ఎత్తేవాడు కాదు. ఆ ఎండాకాలం గుర్తొస్తే నాకు మొదట టమాటా ఆకు వాసన వస్తుంది. ఆ తర్వాత కొత్తిమీర కడిగిన నీళ్లు, బస్సు కిటికీలో పడ్డ ఎండ, అయస్కాంతం వంగినప్పుడు అందరం ఒక్కసారి పీల్చిన గాలి. అవన్నీ అయ్యాకే ఆ చిన్న గీత గుర్తొస్తుంది.

ఆ గీత ఎట్లా వచ్చిందో చెప్పి ఆపుతాను.

అదే గురువారం, మల్లప్ప ఇంకా ఉలి సంచిలో పెట్టుకుంటుండగానే, సారు స్కూటర్ గట్టు దాకా వచ్చింది. సంతకాల రోజని మేమంతా మరిచాం, ఆయన మరవలేదు. రెండు తునకలు చూసి గట్టు మీద కూలబడ్డాడు. అద్దాలు సర్దుకున్నాడు. తర్వాత పెద్ద తునకను అరచేతిలో పెట్టుకుని, లోపలి మెరుపును ఎండకు తిప్పి చూశాడు.

“పలిగితే ఫికర్ లేదు,” అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. “వాళ్లు ఎట్లయినా కోసే చూస్తరు. కాయితం ఒక్కటి సక్కగ పోవాలె. చూసిన మనిషి పేరు లేకుంటే ఇది ఉత్త దొరికిన రాయి. ఉమా, తెచ్చినవా?”

కాయితం నా పుస్తకంలోనే ఉంది. తీశాను. సారు పెన్ను ఇచ్చాడు.

“అండ్ల మాట ఒకటి మార్చాలె సార్,” అన్నాడు నాగేందర్, దగ్గరికి వచ్చి.

“పేరా?”

“పేరు ఉండనియ్,” అన్నాడు బాపు గబగబా. “సాలోమోను పేరే ఉండాలె. చూసింది ఆయననే. ఎవలు గాదంటరు? ఆ సాగు మాట ఒక్కటి తీసేస్తే సాలు.”

సారు బాపును చూశాడు, సాలోమోనును చూశాడు. ఆయనకు అంతా తెలిసిందో లేదో చెప్పలేను. పద్ధతి మనిషి, పద్ధతి ప్రకారమే అడిగాడు.

“తీసేస్త. మరి ఆ టైముకు ఈ పొలంల ఏం జేస్తున్నడని రాయాలె? అది తప్పకుంట అడుగుతరు.”

బాపు గట్టు చూశాడు, కాలిబాట చూశాడు.

“తోవల పోతుండె అని రాయుండ్రి,” అన్నాడు.

నేను పెన్ను ఆనించాను. సాలోమోను తల వంచుకునే ఉన్నాడు. సరోజమ్మ అప్పటిదాకా గట్టు మీద రాలిన రవ్వలను కొంగులోకి ఏరుతున్నది. నిలబడి కొంగు దులిపేసింది. ఆమె అన్నది విన్నాక ‘తోవల పోతుండె’ అని రాయలేక, సాలోమోను పేరున్న వాక్యమంతా గీత గీసి కొట్టేశాను.

“మా ఆయనకు నీ పొలం దాటిపోనీకి ఇరవై రెండేండ్లు పట్టిందా అన్నా?”